లివర్మోర్ మాటలు కాదు, బతుకు చదవాలె

ఫోన్ల షేర్ల చార్ట్ పెట్టుకొని కూసునే పోరగాళ్లకు జెస్సీ లివర్మోర్ పేరు కొత్తది కాదు. ట్రేడింగ్ నేర్పిస్తమనే వీడియోలల్ల, టెలిగ్రామ్ గ్రూపులల్ల ఆయన ఫొటో, దాని కింద ఆయన చెప్పిండనే నాలుగు మాటలు ఎప్పుడూ తిరుగుతనే ఉంటయ్. 1929లో అమెరికా మార్కెట్ కుప్పకూలి జనమంతా మునుగుతుంటే, ఆయన దాదాపు పది కోట్ల డాలర్లు సంపాయించిండని చెప్తరు. ఆ మాట నిజమే. కానీ అయిదేండ్లు నిండకముందే అదే మనిషి కోర్టుకు పోయి దివాలా కాయితం పెట్టుకున్నడని మాత్రం ఆ వీడియోలల్ల రాదు. అది చెప్తే కోర్సు అమ్ముడుపోదు కదా.

ఆయన మాటలు మన ఊర్లదాక వచ్చినయ్. ఆయన బతుకే రాలే. షేర్లు కొనేటోళ్లు, కొందామనుకునేటోళ్లు, ముఖ్యంగ ఆప్షన్ల పైసలు పెట్టేటోళ్లు ఆ బతుకు ఒక్కసారి మొదటికెళ్లి చివరిదాక తెలుసుకోవాలె.

రాళ్ల భూమికెళ్లి బోస్టన్‌కు

లివర్మోర్ 1877 జులై 26న అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల ష్రూస్‌బరీ అనే ఊర్ల పుట్టిండు. ఎవుసం చేసుకునే పేద ఇల్లు. రాళ్లు ఏరి ఏరి దున్నుకునే భూమి. పిల్లగాడు లెక్కలల్ల చురుకు. పద్నాలుగేండ్లు రాంగనే తండ్రి బడి మానిపిచ్చి పొలంల పెడ్తనన్నడు. తల్లికి అది ఇష్టం లేకుండె. చేతుల ఉన్న కొన్ని డాలర్లు కొడుకుకు ఇచ్చి తోలిందంటరు. పోరడు ఇల్లు విడిచి బోస్టన్ పట్నం పోయిండు.

అక్కడ పెయిన్ వెబ్బర్ అనే బ్రోకర్ ఆఫీసుల పని దొరికింది. గోడంత పొడుగు నల్ల బోర్డు మీద సుద్దముక్కతోని షేర్ల ధరలు రాసుడే ఆ పని. అప్పట్ల స్క్రీన్లు లెవ్వు. టిక్కర్ అనే యంత్రం ఉండె. 1867లో వచ్చిన ఆ యంత్రాన్ని ఎడిసన్ ఇంకింత బాగుచేసిండు. న్యూయార్క్‌ల షేరు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది తంతి తీగల మీద వచ్చి సన్నని కాయితపు పట్టీ మీద టకటక అచ్చయ్యేది. ఒకలు ఆ పట్టీ చూసి ధర కేకేస్తే పోరడు బోర్డు మీద రాసేటోడు. ఇయ్యాల మన చేతుల ఉన్న చార్ట్‌కు తాత ఆ కాయితపు పట్టీనే.

మిగతా పోరగాళ్లు రాసి మర్చిపోయేటోళ్లు. లివర్మోర్ మర్చిపోకపోయేది. ఒక షేరు బాగ పెరిగేముందు దాని అంకెలు ఎట్ల కదిలినయ్, పడేముందు ఎట్ల కదిలినయ్ అని చిన్న నోట్‌బుక్‌ల రాసుకున్నడు. రేపు ఇది ఇట్ల పోతదని ముందే రాసుకునుడు, తెల్లారినంక సరిచూసుకునుడు. పైసా పెట్టకుండ నెలల తరబడి ఇదే చేసిండు. ఆ కంపెనీ ఏం చేస్తదో, లాభం ఎంతొస్తదో ఆయనకు పట్టలే. అంకెల నడకనే చూసిండు. మనం ఇప్పుడు టెక్నికల్ అనాలిసిస్ అని పెద్ద పేరు పెట్టుకున్న పనికి మూలం ఇదే.

తర్వాత దోస్తుతోని కలిసి చికాగో, బర్లింగ్‌టన్ అండ్ క్విన్సీ రైల్వే షేరు మీద కొంచెం పైసలు పెట్టిండు. 3 డాలర్ల 12 సెంట్లు మిగిలినయ్. ఇంకో ఏడాది తిరిగేసరికి వెయ్యి డాలర్లు కూడబెట్టిండు. పదిహేనేండ్ల పోరడు. జీతం కన్నా ఆటల వచ్చేది ఎక్కువైంది. ఉద్యోగం వదిలేసిండు.

డబ్బా దుక్నం

ఆయన ఆడింది అసలు మార్కెట్ల కాదు. బకెట్ షాపులని ఉండేటివి. మన దేశంల డబ్బా ట్రేడింగ్ అంటున్నరు చూడు, అచ్చం అదే. మనం షేరు కొన్నట్టు చీటీ ఇస్తరు, కానీ అక్కడ షేరు కొనుడు ఉండదు, అమ్ముడు ఉండదు. టిక్కర్ల ధర పెరుగుతదా తగ్గుతదా అని పందెం, గంతే. వంద డాలర్ల షేరుకు ఒక డాలర్ కడితే చాలు. ధర ఒక్క డాలర్ కిందికొస్తే కట్టింది మొత్తం పాయె. మనం ఓడితే ఆ పైసలు దుక్నపోనికే. మనం గెలిస్తే ఆయన జేబుకెళ్లి ఇయ్యాలె. అంటే మనం ఓడుడే ఆయన బేరం. ఇది మన దగ్గర కూడ చట్టం ఒప్పుకోని పని. అయినా వాట్సాప్ మీద, యాప్‌ల మీద చాటుంగ నడుస్తనే ఉన్నది.

లివర్మోర్ అట్లాంటి దుక్నాలల్ల గెల్చుకుంట పోయిండు. గెలిచేటోన్ని జూదపింట్ల ఎన్ని రోజులు ఉంచుకుంటరు? ఒక్కొక్క దుక్నం ఆయనను రానిచ్చుడు బంద్ పెట్టింది. వేరే పేరు పెట్టుకొని పోయిండు, వేరే ఊర్లకు పోయిండు. గుర్తుపట్టి బయటికి తోలిన్రు. ఇగ అసల్ మార్కెటే దిక్కని ఇరవై ఏండ్లు దాటినంక న్యూయార్క్ బండెక్కిండు.

అంచనా కరెక్టే, పైసలు పోయినయ్

న్యూయార్క్‌ల మొదలు మొదలే దెబ్బతిన్నడు. ఎందుకు తిన్నడో ఇయ్యాల ట్రేడింగ్ చేసేటోళ్లకు బాగ అక్కరకొచ్చే ముచ్చట.

బకెట్ షాపుల టిక్కర్ల ఏ ధర కనవడితే ఆ ధరకే బేరం. ఎందుకంటే అది ఉత్త పందెం. అసల్ మార్కెట్ల అట్ల కాదు. అక్కడ మన షేరు ఇంకో మనిషి కొనాలె. టిక్కర్ల ధర కనవడేసరికి ఆ ధర అయిపోయి ఉంటది. అమ్ముమని చెప్పినంక ఆ మాట అక్కడికి పోయి బేరం కుదిరేసరికి ధర ఇంకెటో పోయి ఉంటది.

1901 మే 9న ఇది బాగ తెలిసొచ్చింది. నార్తర్న్ పసిఫిక్ రైల్వేను చేజిక్కించుకోవడానికి రెండు పెద్ద గుంపులు కొట్లాడినయ్. ఆ ఒక్క షేరు వెయ్యి డాలర్లకు ఎగిరింది, మిగతా షేర్లన్నీ కుప్పకూలినయ్. మార్కెట్ పడ్తదని లివర్మోర్ అనుకున్నట్టే పడ్డది. కానీ ఆయన అమ్ముమన్న ధర ఒకటి, అమ్ముడుపోయింది మస్తు కిందికి. మళ్ల కొందామంటే కొనుమన్న ధర ఒకటి, దొరికింది మస్తు పైకి. టిక్కర్ బాగ ఎన్కపడ్డది. ఆయన అంచనా తప్పలే. అయినా ఒక్కరోజుల సంపాయించిందంతా పోయింది.

చార్ట్ మీద కనవడే ధర, మన చేతికొచ్చే ధర ఒకటి కాదని దీని అర్థం. ఇయ్యాల తంతి తీగ లేదు, సెకండ్ల పని అయిపోతది. కానీ ఎక్స్‌పైరీ రోజు, అమ్మేటోడు కొనేటోడు లేని ఆప్షన్ల మార్కెట్ ఆర్డర్ పెట్టినోనికి ఈ తేడా ఇప్పటికీ తగుల్తనే ఉంటది.

ఒక్కరోజుల పది లక్షల డాలర్లు

పడ్డోడు మళ్ల లేసిండు. ఇప్పుడు చిన్న చిన్న కదలికలు పట్టుకునుడు వదిలి, మొత్తం మార్కెట్ ఏ దిక్కు నడుస్తున్నదో చూసుడు నేర్చుకున్నడు. దేశంల పైసలు సులువుగ దొరుకుతున్నయా, మిత్తి పెరుగుతున్నదా, బ్యాంకులు గట్టిగున్నయా, ఇవన్నీ చూసుడు షురూ చేసిండు.

1906ల యూనియన్ పసిఫిక్ రైల్వే షేరు షార్ట్ చేసిండు. షార్ట్ అంటే మన దగ్గర లేని షేరును అరువు తెచ్చి ముందే అమ్ముడు, ధర పడ్డంక తక్కువకు కొని తిరిగి ఇచ్చుడు. ఆ నడుమనే ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోల పెద్ద భూకంపం వచ్చింది. షేర్లు పడ్డయ్. ఆయనకు రెండున్నర లక్షల డాలర్లు మిగిలినయ్. భూకంపం వస్తదని ఏ చార్ట్ చెప్పదు. అది అదృష్టం. కానీ ఆయన్ని పొగిడేటోళ్లు దాన్ని కూడ తెలివి లెక్కలనే రాస్తరు.

1907ల మాత్రం అదృష్టం కాదు. దేశంల పైసలకు కట్కట వచ్చిందని ముందే కనిపెట్టి అమ్ముకుంట పోయిండు. అక్టోబర్ 22న నికర్‌బాకర్ ట్రస్ట్ అనే పెద్ద సంస్థ జనం పైసలకు ఎగబడితే ఇయ్యలేక తలుపులు మూసింది. 24వ తారీఖు నాడు మార్కెట్ల షేరు కొందామంటే అప్పు ఇచ్చేటోడు లేడు. ఆ ఒక్కరోజుల లివర్మోర్ పది లక్షల డాలర్లు సంపాయించిండు. ఇంకా అమ్మితే మార్కెటే మిగలదని, ఆపుమని అప్పటి బ్యాంకుల పెద్ద జే.పీ. మోర్గాన్ కబురు పంపిండంటరు. ఆయన ఆపి కొనుడు మొదలుపెట్టిండు. అంతా అయ్యేసరికి ముప్పై లక్షల డాలర్లు చేతికొచ్చినయ్. ఆయనకప్పుడు ముప్పై ఏండ్లు.

పత్తిల మునిగిండు

మన దిక్కు పత్తి పండించేటోళ్లకు పత్తి ధరతోని ఆడుకుంటే ఏమైతదో చెప్పే పనిలేదు. లివర్మోర్‌కు ఎవరూ చెప్పలే. 1908ల పత్తి బేరంల దిగిండు. పత్తి సంగతులన్నీ ఎరికైన ఒక పేరుమోసిన వ్యాపారి మాటలకు పడిపోయిండు. ఆ పెద్దమనిషి లెక్కలు, వివరాలు అన్నీ పక్కాగ చెప్తుండె. లివర్మోర్ తన కండ్లు తను నమ్ముడు బంద్ చేసి ఆయన మాట నమ్మిండు.

పత్తి ధర పడ్తుంటే అమ్ముకోకుండ ఇంకిన్ని కొన్నడు. ఇంకా పడితే ఇంకా కొన్నడు. అదే టైంల గోధుమల మీద లాభంల ఉండె. ఆ లాభంల ఉన్న గోధుమలు అమ్మేసి, నష్టంల ఉన్న పత్తిని పట్టుకున్నడు. లాభమిచ్చేదాన్ని తెంపి, ముంచేదాన్ని పెంచిండన్నట్టు. ఇట్ల చెయ్యొద్దని ఆయన అప్పటికే నేర్చుకున్నడు. ఇరవై ఏండ్ల పోరడుగ ఉన్నప్పుడు కూడ ఆయనకు ఆ సంగతి ఎరుకే.

1907ల సంపాయించిన దాంట్ల పదింట తొమ్మిది వంతులు పోయినయ్. పోయినవాటిని తొందరగ రాబట్టాలని ఇంకా ఆడిండు. మార్కెట్ కదలకుండ పడుకున్న ఆ ఏండ్లల్ల ఉన్నది కూడ ఊడ్చుకపోయి, పది లక్షల డాలర్ల అప్పు నెత్తిమీదికొచ్చి దివాలా తీసిండు.

ఇక్కడ ఆగి సోంచాయించాలె. పోయిన పైసలు మళ్ల రాబట్టుడు అనే పట్టుదల మనకు కొత్తది కాదు. పత్తాలాటల కూసున్నోడు ఎందుకు లేవడు? ఓడినంక లేస్తే ఓడినట్టు, కూసుంటే ఇంకా ఓడనట్టు. ఫోన్ల ఆడేటోనిది కూడ అదే కథ. పత్తాలాటల కనీసం పక్కోడు చూస్తడు, ఇంటికి కబురు పోతది. ఫోన్ల ఎంత పోయిందో పక్క మంచంల పండుకున్న అన్నకు కూడ తెల్వది.

ఆరు వారాలు ఉత్తగ కూసున్నడు

1915. చేతుల పైసా లేదు. పాత ఎరుకతోని ఒక బ్రోకర్ 500 షేర్లు కొనుక్కునేటందుకు అప్పు పెట్టిండు. ఒక్కటే అవకాశం. తప్పితే ఇంకోటి లేదు.

యూరప్‌ల మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. తుపాకులకు, ఓడలకు ఉక్కు కావాలె. బెత్లెహెం స్టీల్ కంపెనీకి ఆర్డర్లు కుప్పలు తెప్పలుగ వస్తున్నయ్. షేరు రోజూ పెరుగుతున్నది. లివర్మోర్ కొనలే. పెద్ద షేరు ఒకటి వంద డాలర్ల గీత దాటితే అది ఆగకుండ ఇంకింత పోతదని ఆయన చిన్నప్పటిసంది చూసిన లెక్క. అందుకే ఆరు వారాలు బ్రోకర్ ఆఫీసు దిక్కు పోకుండ, చెయ్యి దురద ఆపుకొని టిక్కర్ చూసుకుంట కూసున్నడు. షేరు 98 దాటినంక అప్పుడు కొన్నడు. కొద్ది రోజులల్ల అది 114 దాటింది. మళ్ల నిలబడ్డడు.

ఆయన బతుకుల అన్నిటికన్నా గొప్ప బేరం ఏదంటే 1929ది అంటరు చానామంది. నన్నడిగితే ఇదే. కోట్లు రాలే, కానీ పైసా లేనోడు ఆరు వారాలు ఓపిక పట్టుడు మామూలు సంగతి కాదు. చార్ట్ చదువుడంటే పొద్దుగాల తొమ్మిదింబావుకెళ్లి పొద్దూకేదాక కొనుడు అమ్ముడు కాదు. ఎక్కువ రోజులు ఏం చెయ్యకుండ ఉండుడే.

1917 నాటికి పాత అప్పులోళ్లందరి బాకీ కట్టేసిండు. దివాలా తీసినంక చట్టం ప్రకారం కట్టే అవసరం లేకుండె. అయినా కట్టిండు. ఇంకో మంచి పని కూడ చేసిండు. భార్య పేరు మీద కొంత సొమ్ము, తనే అడిగినా తిరిగి తీసుకునే వీలు లేకుండ ట్రస్టుల పెట్టిండు. తన మీద తనకు ఎంత నమ్మకముందో ఆయనకు ఎరుకే మరి.

ఆ కాలం టెక్ షేర్లు

ఇయ్యాల అందరి నోట్ల ఎన్విడియా, యాపిల్, మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్. 1920లల్ల అమెరికాల ఇదే మోజు రేడియో మీద, మోటారు కార్ల మీద, కరెంటు కంపెనీల మీద ఉండె. తీగ లేకుండ గాలిల పాట వస్తదంటే జనం ఎట్ల ఆశ్చర్యపోయిన్రో, ఏఐ అంటే మనం ఇప్పుడట్ల ఆశ్చర్యపోతున్నం.

లివర్మోర్ అన్ని షేర్ల ఎంట పడేటోడు కాదు. ఒక్కో రంగంల ముందు నడిచే ఒకటి రెండు పెద్ద షేర్లనే చూసేటోడు. మందల ముందు నడిచే గొర్రె ఎటు మళ్లితే మంద అటు మళ్లుతది. అట్లనే ముందు నడిచే షేర్లు అలిసిపోయి ఎన్కకు తగ్గుతున్నయంటే మొత్తం మార్కెట్‌కు ఏదో అయితున్నదని ఆయన లెక్క. ముందు నడిచేటివి ఎప్పుడూ అవే ఉండవని కూడ ఆయనకు ఎరుకే. చిన్నప్పుడు రైల్వేలు, తర్వాత ఉక్కు, ఆ తర్వాత కార్లు, రేడియోలు.

చానామందికి తెల్వని ముచ్చట ఒకటున్నది. ఇంత పేరున్న మనిషి మనం గీసుకునే గీతల చార్టులు వాడలే. గళ్ల కాయితం మీద ఆరు వరుసల అంకెలు రాసుకునేటోడు. ధర పైకి నడుస్తుంటే నల్ల సిరా, కిందికి నడుస్తుంటే ఎర్ర సిరా, నడుమల ఊగుతుంటే పెన్సిల్. చేతితోని రాసుకుంటేనే తలకెక్కుతదని ఆయన పట్టు. యాప్‌ల ఇరవై ఇండికేటర్లు పెట్టుకొని ఒకదాని మీద ఒకటి గీతలు గీసేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలె.

ఆ కాలంల అన్నిటికన్నా పెద్ద టెక్ షేరు ఆర్‌సీఏ, రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా. మార్కెట్ల దాన్ని ఉత్తగ రేడియో అనేటోళ్లు. 1928ల ఆ ఒక్క ఏడాదిల 85 డాలర్లకెళ్లి 420కి ఎక్కింది. అప్పటిదాక వాటాదారులకు ఒక్క పైసా డివిడెండ్ ఇయ్యలే. 1929ల ఒక షేరును అయిదు ముక్కలు చేసిన్రు. ఆ ముక్క సెప్టెంబర్‌ల 114 దాటింది. 1932 వచ్చేసరికి రెండున్నర డాలర్లు. వంద రూపాయలు పెట్టినోనికి రెండు రూపాయలు మిగిలినట్టు.

రేడియో మోసం కాదు. అది నిజంగనే ప్రపంచాన్ని మార్చింది, ఇంటింటికి వచ్చింది. కంపెనీ కూడ ఆ దెబ్బకు మునగలే, చానా ఏండ్లు బతికింది. కానీ టెక్నాలజీ గెలుసుడు వేరు, అప్పుడు ఆ ధరకు షేరు కొన్నోడు గెలుసుడు వేరు. ఇంటర్నెట్ నడవడానికి కావాల్సిన సామాన్లు చేసే సిస్కో కథ కూడ ఇదే. 2000 మార్చిల అది చేరిన ధరను మళ్ల చూడనీకి ఆ షేరుకు పాతికేండ్లు పట్టింది. ఆ పాతికేండ్లల్ల ఇంటర్నెట్ మన ఊరి చివర ఇంటిదాక వచ్చింది. 2025 జనవరి 27న, చైనాల తక్కువ ఖర్చుతోని ఏఐ చేసిన్రనే వార్తకు, ఎన్విడియా విలువ ఒక్కరోజుల 17 శాతం, దాదాపు 59 వేల కోట్ల డాలర్లు కరిగిపోయింది. ఆ ముందు రోజు చార్ట్‌ల ఆ వార్త లేదు.

మన దగ్గరి ముచ్చటే చూస్తే సత్యం కంప్యూటర్స్ ఉండనే ఉన్నది. 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పుడువని యజమాని లేఖ రాసిండు. ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ పొద్దూకేసరికి 40 కాడికొచ్చింది. జనం ఏ ధరకు కొన్నరో, ఏ ధరకు అమ్మిన్రో చార్ట్ చూపిస్తది. కంపెనీ బీరువాల ఏమున్నదో చూపియ్యదు.

గెలిచిన ఏడాది, అటెన్క

1929. పది డాలర్లు చేతుల ఉంటే వంద డాలర్ల షేర్లు కొనుక్కోవచ్చు, మిగతా తొంభై బ్రోకర్ అప్పు. డ్రైవర్లు, నర్సులు, బూట్లు తుడిచేటోళ్లు దాక షేర్ల ముచ్చటే. సెప్టెంబర్ 3న డౌజోన్స్ సూచీ 381కి చేరింది.

లివర్మోర్‌కు అప్పుడు యాభై రెండేండ్లు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూల పెద్ద ఆఫీసు, గోడంత బోర్డు, దాని మీద ధరలు రాసే పోరగాళ్లు. ఒకప్పుడు తను చేసిన పనే ఇప్పుడు ఆయన జీతమిచ్చి చేపిస్తున్నడు. ముందు నడిచే షేర్లు అలిసినయని ఆయనకు కనవడ్డది. కొంచెం అమ్మి చూసుడు, కరెక్టయితే ఇంకింత అమ్ముడు, ఇదే ఆయన పద్ధతి. అక్టోబర్ 24న మొదటి దెబ్బ. 28, 29 తారీఖులల్ల రెండ్రోజులల్ల మార్కెట్ నాలుగో వంతు దాక కరిగింది. 29 నాడు కోటి అరవై లక్షల షేర్లు చేతులు మారినయ్. టిక్కర్ గంటల కొద్ది ఎన్కపడ్డది. కొన్నోళ్ల పెట్టుబడి పోయి, అప్పు మిగిలింది. లివర్మోర్‌కు దాదాపు పది కోట్ల డాలర్లు వచ్చినయ్.

వీడియోలన్నీ ఇక్కడ ఆగిపోతయ్. బతుకు ఆగలే.

ఆ తర్వాత మూడేండ్లు మార్కెట్ పడుకుంటనే పోయి 1932 జులై 8న 41కి దిగింది. అంటే వందల 89 పోయినట్టు. పడుడు మీదనే కోట్లు సంపాయించిన మనిషికి అది బంగారు కాలం కావాలె. కాలే. నడుమ నడుమ మార్కెట్ గట్టిగ లేస్తుండె, అది చూసి అయిపోయిందనుకొని కొంటే మళ్ల పడ్తుండె. ఇంట్ల కూడ శాంతి లేదు. 1932ల రెండో భార్యతోని విడాకులైనయ్. 1934 మార్చిల దివాలా తీసిండు. అప్పులు ఇరవై లక్షల డాలర్లు దాటినయ్. పది కోట్లు ఎటు పోయినయో పూస గుచ్చినట్టు చెప్పే లెక్క ఎక్కడా లేదు.

అదే 1934ల అమెరికాల మన సెబీ లెక్క మార్కెట్ మీద కన్నేసి ఉంచే సంస్థ, ఎస్ఈసీ పుట్టింది. పెద్దోళ్లు గుంపు కట్టి ధర లేపుడు, పడగొట్టుడు లాంటి ఆటలకు కళ్లెం పడ్డది. ఆట మారింది. పాత ఆటగాడు మారలేకపోయిండు.

1940 మార్చిల తన పద్ధతంతా ఒక పుస్తకంగ రాసి అచ్చేసిండు. గెలిచినప్పుడల్లా లాభంల సగం మార్కెట్‌కెళ్లి తీసి పక్కకు పెట్టాలె, నష్టంల ఉన్నదాని మీద ఇంకింత పెట్టొద్దు, ఇతరుల సలహాల మీద ఆడొద్దు. అన్నీ మంచి ముచ్చట్లే. ఆయన తప్పినవి కూడ అవే. అప్పట్ల ఆ పుస్తకం పెద్దగ అమ్ముడుపోలే.

ఎన్నో ఏండ్లుగ ఆయన మనసు కుంగిన జబ్బుతోని తండ్లాడుతుండె. ఆ కాలంల దానికి సరైన మందు లేకుండె, చెప్పుకునేటోళ్లు కూడ లేకుండె. 1940 నవంబర్ 28న న్యూయార్క్‌ల ఒక హోటల్‌ల తన ప్రాణం తనే తీసుకున్నడు. అరవై మూడేండ్లు. తన బతుకు ఓటమి అని భార్యకు రాసిపెట్టిండు. ఆయన గురించి 1923ల వచ్చిన నవలలాంటి పుస్తకం మాత్రం వందేండ్లు దాటినా ఇయ్యాటికీ అమ్ముడుపోతనే ఉన్నది.

మనకేం కావాలె ఈ కథ

లివర్మోర్‌కు తెలివి తక్కువై మునగలే. నలభై ఎనిమిదేండ్లు పొద్దుందాక అదే పని చేసిండు. రూల్స్ అన్నీ ఎరుకే, కొన్ని ఆయనే కనిపెట్టిండు. అట్లాంటి మనిషే నిలబడలేకపోయిన ఆటను, ఎవుసం పనుల నడుమ ఫోన్ల చూసి గెలుస్తమని మనకు చెప్తున్నరు.

ఇది మన అనుమానం కాదు, సెబీ లెక్క. 2024 సెప్టెంబర్‌ల బయటపెట్టిన లెక్క ప్రకారం మూడేండ్లల్ల ఫ్యూచర్స్, ఆప్షన్ల ఆడిన కోటి మందికి పైగా మామూలు జనంల వందల 93 మంది నష్టపోయిన్రు. తలా దాదాపు రెండు లక్షలు. మొత్తం కలిపి 1.8 లక్షల కోట్ల పైన. ఆడేటోళ్లల్ల ముప్పై ఏండ్లు నిండని పోరగాళ్లు ఏడాదిల 31 శాతంకెళ్లి 43 శాతమైన్రు. వందల 72 మందికి పైగా ముప్పై పెద్ద పట్నాలకు అవుతల ఉండేటోళ్లు. అంటే చిన్న పట్నాలోళ్లు, ఊర్లోళ్లు. మనోళ్లన్నట్టు. అటు దిక్కు గెలిచింది పెద్ద సంస్థలు, విదేశీ పెట్టుబడిదార్లు. వాళ్ల లాభాలల్ల వందల 96 పైన కంప్యూటర్ ప్రోగ్రాములతోని వచ్చినవే. లివర్మోర్ ఎదురుంగ మనుషులుండె. మన ఎదురుంగ యంత్రాలున్నయ్.

షేర్లు కొనొద్దని ఈ మాటలకు అర్థం కాదు. పెద్ద టెక్ కంపెనీల షేర్లు, మన ఐటీ కంపెనీల షేర్లు కొనుక్కొని ఏండ్లకేండ్లు పెట్టుకున్నోళ్లు బాగుపడ్డరు. అది కంపెనీల వాటా కొనుడు. గురువారం లోపల, మంగళవారం లోపల ధర ఎటు పోతదని ఆప్షన్ కొనుడు వాటా కాదు, డబ్బా దుక్నంల చీటీకి చెల్లెలు. చార్ట్ నేర్చుకోవాలంటే నేర్చుకో. కానీ లివర్మోర్ పోరడుగ ఉన్నప్పుడు చేసినట్టు ముందు పైసా పెట్టకుండ నోట్‌బుక్‌ల రాసుకో. ఆర్నెల్లు రాసి చూడు. ఎన్ని కరెక్టయినయో నీకే తెలుస్తది. లాగోడికి తెచ్చిన పైసలు, చెల్లె పెండ్లికి ఎత్తిన చిట్టి పైసలు, మిత్తికి తెచ్చిన పైసలు మాత్రం ఆ దిక్కుకే పోనియ్యొద్దు. వచ్చిన లాభం ఉంటే నీ చెయ్యి అందనికాడ పెట్టు.

ఇప్పటికే పోగొట్టుకున్నోళ్లు ఉంటే, పోయింది రాబట్టాలనే ఆటను ఇయ్యాలనే ఆపాలె. ఇంట్ల చెప్పాలె. కోపమొస్తది, తిడ్తరు, రెండ్రోజులు అన్నం తినరు. తర్వాత అందరు కూసొని అప్పు ఎట్ల తీర్చాలో సోంచాయిస్తరు. ఇంట్ల చెప్పలేనంత బరువు మనసు మీద ఉంటే 14416కు ఫోన్ చెయ్యొచ్చు. టెలీ మానస్ అని సర్కారు పెట్టిన నంబర్. పైసలు పడవు, తెలుగుల మాట్లాడ్తరు, రాత్రయినా ఎత్తుతరు. దోస్తు మౌనంగ ఉంటున్నడంటే మీరే ఒకసారి పలకరించున్రి. రాళ్ల భూమిల పుట్టి పది కోట్ల డాలర్లు చూసిన మనిషికి ఆఖరికి కరువైంది పైసలు కాదు, మనసులది చెప్పుకునే ఒక్క మనిషి. మన ఊర్లల్ల ఇప్పటికైతే ఆ కరువు రాలే.